సూర్యుడి న్యూట్రినోల మీద చిక్కడపల్లిలో ఆదివారం క్లాస్: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇంటర్ దాకా లెక్కలు చదివి ఇప్పటికీ సైన్స్ మీద ఇష్టం పోని వాళ్లెవరైనా సరే, ఈ క్లాస్‌లో చేరండి. నాలుగు ఆదివారాలు, పొద్దున పదింటి నుంచి పన్నెండున్నర దాకా, మనిషికి 1,200 రూపాయలు, చదువుకునే పిల్లలకైతే సగం. చిక్కడపల్లి మెట్రో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. పాత బిల్డింగ్‌లో రెండో అంతస్తు, కింద జిరాక్స్ షాపు ఉంటుంది. పేరు మాత్రం రాయను, ఎందుకంటే లోపాలు కూడా చెప్పబోతున్నాను, నడిపేదేమో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గారూ, ఆయన దగ్గర చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లూ. పెద్ద సంస్థేమీ కాదు.

టాపిక్ ఒక్కటే. సూర్యుడి నడిబొడ్డున పుట్టిన న్యూట్రినో (విద్యుదావేశం లేని, దేన్నైనా దూసుకుపోయే అతి చిన్న కణం) మన దాకా వచ్చేసరికి ఇంకో రకంగా ఎలా మారిపోతుంది, అసలు ఎక్కడ మారుతుంది. ఈ "ఎక్కడ" అనే ప్రశ్న కోసమే ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నాను. మన హైదరాబాద్‌లో ఫిజిక్స్ క్లాస్ అంటే జేఈఈ, నీట్, ఈఏపీసెట్, అంతే. పరీక్ష లేదు, ర్యాంకు లేదు, పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ప్రశ్న వెనకాల నెల రోజులు పడటం అనేది నేనెక్కడా చూడలేదు. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా అమ్మాయిని కూడా తీసుకెళ్లాను, కోచింగ్ టెన్షన్ లేకుండా తను ఫిజిక్స్ వినడం చూసి చాలా రోజులైంది.

మొదటి క్లాస్ పరిచయం. సూర్యుడి కేంద్రంలో సుమారు కోటిన్నర డిగ్రీల వేడి, అక్కడ నాలుగు ప్రోటాన్లు మెట్టు మెట్టుగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి, ఆ దారిలో రెండు న్యూట్రినోలు పుడతాయి. ఇది అందరూ చెప్పేదే. సార్ గట్టిగా పట్టుకున్న పాయింటు వేరు: న్యూట్రినోల్లో ఎలక్ట్రాన్, మ్యువాన్, టావ్ అని మూడు రకాలు, అక్కడ పుట్టేవన్నీ ఎలక్ట్రాన్ న్యూట్రినోలే. మ్యువాన్ రకం, టావ్ రకం అక్కడ పుట్టే అవకాశమే లేదు, వాటిని పుట్టించేంత శక్తి ఆ కేంద్రంలో లేదు. అంటే ఇక్కడ మనకి వేరే రకం ఒక్కటి దొరికినా అది పుట్టాక మారిందనే అర్థం. ఈ మాట బోర్డు మీద పైన రాసి నాలుగు వారాలూ చెరపనివ్వలేదు.

ఎన్ని వస్తాయన్నది వింటే తల తిరుగుతుంది. ఒక చదరపు సెంటీమీటరు చోటులోంచి, అంటే మన బొటనవేలి గోరంత మేర, సెకనుకు సుమారు 6,500 కోట్ల సోలార్ న్యూట్రినోలు దూసుకుపోతుంటాయి. పగలే కాదు, అర్ధరాత్రి కూడా, అప్పుడు కాళ్ల కింద నుంచి, మొత్తం భూమిని దాటుకుని. కేంద్రంలో పుట్టిన వెలుగు శక్తి బయటి పొరకు చేరడానికి వేల ఏళ్లకు వేల ఏళ్లు పడుతుంది, న్యూట్రినో మాత్రం రెండు సెకన్లలో సూర్యుణ్ణి దాటేసి ఇంకో ఎనిమిది నిమిషాల్లో ఇక్కడుంటుంది. సూర్యుడి కేంద్రం నుంచి నేరుగా వచ్చే తాజా వార్త అదొక్కటే.

తర్వాత రేమండ్ డేవిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కథ. అమెరికాలో సౌత్ డకోటాలోని హోమ్‌స్టేక్ బంగారు గనిలో, దాదాపు కిలోమీటరున్నర లోతున, 615 టన్నుల పెర్‌క్లోరోఎథిలీన్ నింపిన ట్యాంకు పెట్టాడు. అది బట్టల డ్రై క్లీనింగ్‌కి వాడే ద్రవం. ఎలక్ట్రాన్ న్యూట్రినో ఒకటి క్లోరిన్ పరమాణువుకు తగిలితే అది ఆర్గాన్‌గా మారుతుంది, ఆ ఆర్గాన్‌కి అర్ధాయువు 35 రోజులు, ఆలోగా ట్యాంకులోకి హీలియం పంపించి దాన్ని బయటికి లాగి లెక్కపెట్టాలి. అంత పెద్ద ట్యాంకులో రెండు రోజులకు ఒక్క ఆర్గాన్ పరమాణువు పుడితే ఎక్కువ! ముప్ఫై ఏళ్లలో ఆయన పట్టింది మొత్తం సుమారు 2,000. సూర్యుడి నుంచి ఎన్ని రావాలో జాన్ బాకాల్ అనే శాస్త్రవేత్త వేసిన లెక్కతో పోలిస్తే వచ్చింది మూడో వంతే. 1968లో మొదటి ఫలితం వచ్చినప్పటి నుంచీ ఆ లోటు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ సార్ చేసిన పని నాకు బాగా నచ్చింది. జవాబు చెప్పకుండా క్లాస్‌ని మూడు గుంపులు చేశారు. బాకాల్ లెక్క తప్పు అనేవాళ్లు ఒక వైపు, డేవిస్ ప్రయోగం తప్పు అనేవాళ్లు ఇంకో వైపు, రెండూ కరెక్టే కానీ న్యూట్రినోనే దారిలో ఏదో అయిందనేవాళ్లు మూడో వైపు. ఒక్కో గుంపుకీ అప్పటి సంఖ్యలిచ్చి వాదించుకోమన్నారు. జపాన్ కమియోకాండే నీళ్ల ట్యాంకులో సుమారు సగం, రష్యాలోని సేజ్‌లో, ఇటలీలోని గాలెక్స్‌లో గాలియంతో చేసిన ప్రయోగాల్లో సగం కంటే కాస్త ఎక్కువ. ఒక్కో ప్రయోగం ఒక్కో శక్తి ఉన్న న్యూట్రినోలను చూస్తోంది, ఒక్కో చోట ఒక్కో లోటు. సూర్యుడి కేంద్రం కొంచెం చల్లగా ఉందనుకుంటే సరిపోదా అని ఒకాయన గట్టిగా వాదించారు, ఆయన ఏదో బ్యాంకులో మేనేజర్‌గా చేసి రిటైరయ్యారట. అలా ఎంత సర్దినా ఈ అంకెలన్నీ ఒకేసారి కుదరవని ఆయనకే చివరికి లెక్కలో తేలింది. ఎవరో చెబితే నమ్మడం వేరు, కాగితం మీద తనే వేసుకుని ఒప్పుకోవడం వేరు.

రెండో ఆదివారం మొత్తం కెనడా సడ్‌బరీ ప్రయోగం, ఎస్ఎన్ఓ. నికెల్ గనిలో రెండు కిలోమీటర్ల లోతున, 12 మీటర్ల వెడల్పున్న యాక్రిలిక్ గోళంలో 1,000 టన్నుల భారజలం. దాని ఖరీదు 30 కోట్ల కెనడియన్ డాలర్లు, అందుకే కొనలేదు, అక్కడి అణుశక్తి సంస్థ దగ్గర అరువు తెచ్చుకుని పని అయ్యాక తిరిగిచ్చేశారు. ఈ మాట వినగానే వెనక వరుసలోంచి ఒక కుర్రాడు "సార్, మా మణుగూరు ప్లాంటులో చేసేది ఇదేనా?" అని లేచాడు. అదే. గోదావరి నీళ్ల నుంచి మన మణుగూరులో తీసేది ఇదే భారజలం. ఆ తర్వాత పది నిమిషాలు పాఠం ఆపి ఆ అబ్బాయి చేతే ఊరి సంగతులు, ప్లాంటు సంగతులు చెప్పించారు. సిలబస్ తరుముతున్న చోట ఇలాంటివి జరగవు.

భారజలం ఎందుకంటే, అందులో ఉండే డ్యూటీరియం, అంటే బరువు హైడ్రోజన్, న్యూట్రినోకి రెండు విధాలుగా స్పందిస్తుంది. ఒక చర్య ఎలక్ట్రాన్ న్యూట్రినోతో మాత్రమే జరుగుతుంది, అందులో ఒక ఎలక్ట్రాన్ బయటికొస్తుంది. ఇంకో చర్యలో న్యూట్రినో ఏ రకమైనా సరే, డ్యూటీరియం రెండు ముక్కలై న్యూట్రాన్ విడిపోతుంది. ఒకే ట్యాంకులో, ఒకే సూర్యుడి నుంచి వచ్చినవాటిని రెండు లెక్కలు వేయొచ్చన్నమాట: ఎలక్ట్రాన్ రకం ఎన్ని, మొత్తం ఎన్ని. సార్ ఏ స్లైడూ లేకుండా సుద్దముక్కతో రెండు అంకెలు రాశారు. 2002లో వచ్చినవి, ఎస్ఎన్ఓ చూడగలిగే ఎక్కువ శక్తి న్యూట్రినోలవి మాత్రమే, చదరపు సెంటీమీటరుకు సెకనుకు: ఎలక్ట్రాన్ రకం 17.6 లక్షలు, అన్ని రకాలూ కలిపి 50.9 లక్షలు. పక్కన బాకాల్ మోడల్ లెక్క, 50.5 లక్షలు. ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన్ని అందరూ అనుమానించారు, చూస్తే మొత్తం సరిగ్గా ఉంది, రకం మాత్రం మారింది. ఆ మూడు అంకెలు పక్కపక్కన చూసి క్లాస్ ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది, నాకైతే ఒళ్లు జలదరించింది. నిజంగా చెబుతున్నా, 1,200 రూపాయలు అక్కడికే గిట్టుబాటయ్యాయి.

అయితే అసలు విషయం మూడో ఆదివారం. అది మిస్సయితే ఈ కోర్సు తీసుకున్నట్టే కాదు.

మన దగ్గర చాలామందికి తెలిసిన కథ ఏంటంటే, న్యూట్రినో మూడు రకాలు, సూర్యుడి నుంచి భూమికి 15 కోట్ల కిలోమీటర్ల దారిలో రకం మారుతూ మారుతూ వస్తుంది, చివరికి మూడు రకాలూ సమానంగా కలిసిపోతాయి, అందుకే మనకి మూడో వంతు దొరుకుతుంది. యూట్యూబ్‌లో కూడా ఎక్కువగా ఇదే చెబుతున్నారు. వినడానికి చక్కగా కుదురుతుంది, కానీ తప్పు. అదే నిజమైతే అన్ని న్యూట్రినోలకీ మూడో వంతే రావాలి కదా, మరి తక్కువ శక్తి ఉన్నవి సగానికి పైగా ఎలక్ట్రాన్ రకంగానే ఎందుకొస్తున్నాయి? సార్ ఈ ప్రశ్న అడిగి, చెక్క స్టాండు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు.

స్టాండుకి అడ్డంగా ఒక దారం, దాని నుంచి రెండు దారాలు వేలాడుతున్నాయి, చివర్లలో పెద్ద ఇనుప నట్లు. రెండు దారాలూ ఒకే పొడవున్నప్పుడు మొదటి నట్టుని ఊపి వదిలితే, కాసేపటికి అది ఆగిపోయి రెండోది ఊగుతుంది, మళ్లీ రెండోది ఆగి మొదటిది ఊగుతుంది. న్యూట్రినో రకం అటూ ఇటూ మారే మామూలు ఆసిలేషన్ అంటే ఇదీ అని చూపించారు. పొడవులు బాగా తేడాగా ఉంటే మొదటిది మాత్రమే ఊగుతుంది, రెండోదానికి పెద్దగా ఏమీ అందదు. ఇక్కడిదాకా ఏ ల్యాబ్‌లోనైనా చూడొచ్చు. ఇప్పుడు మొదటి దారాన్ని పై కొక్కెంలోంచి లాగడానికి వీలుగా పెట్టారు. మొదట అది రెండోదానికంటే బాగా పొడుగు. ఊపి వదిలి, మా అమ్మాయిని పిలిచి "లాగమ్మా" అన్నారు. తను గబుక్కున లాగేసింది, మొదటి నట్టే ఊగుతూ ఉండిపోయింది. "ఈసారి మెల్లగా, ఊపు తెగకుండా." మళ్లీ మొదలుపెట్టి కొద్దికొద్దిగా, ఆగి ఆగి లాగింది. రెండు దారాలూ సమానమయ్యే చోట రెండో నట్టు కదలడం మొదలైంది, దాటి ఇంకా లాగేసరికి మొదటిది దాదాపు నిలబడిపోయి ఊపంతా రెండోదానికి వెళ్లిపోయింది. మళ్లీ వెనక్కి రాలేదు. అదీ తేడా. ఊపు అటూ ఇటూ తిరగలేదు, ఒకసారి మారింది, అక్కడే ఉండిపోయింది.

సూర్యుడిలో ఆ దారాన్ని లాగేది సాంద్రత. కేంద్రంలో ఘన సెంటీమీటరుకు సుమారు 150 గ్రాములు, అంచుకు వచ్చేసరికి దాదాపు ఏమీ ఉండదు. అక్కడంతా ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి, మ్యువాన్లు, టావ్‌లు ఉండవు. అందుకని ఎలక్ట్రాన్ న్యూట్రినోకి మాత్రమే ఆ ఎలక్ట్రాన్లతో ఒక అదనపు చర్య ఉంటుంది, మిగతా రెండు రకాలకి ఉండదు. లోపల ఎలక్ట్రాన్ రకం బరువైన స్థితిగా ప్రవర్తిస్తుంది, బయటికి వస్తూ సాంద్రత తగ్గే కొద్దీ ఒకచోట ఎలక్ట్రాన్ రకం, మిగతా రకం రెండూ సమానమై, దాటాక తారుమారవుతాయి. వోల్ఫెన్‌స్టైన్ 1978లో మొదలుపెడితే, మిఖెయెవ్, స్మిర్నోవ్ 1985లో సూర్యుడి లోపల ఇదెలా పనిచేస్తుందో తేల్చారు, ముగ్గురి పేర్లూ కలిపి ఎంఎస్‌డబ్ల్యూ ఎఫెక్ట్ అంటారు. సూర్యుడు ఎంత మెల్లగా లాగుతాడంటే, ఆ సాంద్రత తగ్గడానికి వేలాది కిలోమీటర్లు పడుతుంది, ఆసిలేషన్ దూరమేమో కొన్ని వందల కిలోమీటర్లే. ఊపు తెగే ప్రశ్నే లేదు.

కాబట్టి సూర్యుడిలోనే తయారయ్యే బోరాన్-8 అనే కేంద్రకం నుంచి పుట్టే ఎక్కువ శక్తి న్యూట్రినోలు, ఎస్ఎన్ఓ చూసినవి ఇవే, సూర్యుణ్ణి దాటేలోపే మారిపోతాయి. బయటికొచ్చేటప్పటికి అవి "రెండో ద్రవ్యరాశి స్థితి"లో ఉంటాయి, అంటే ఒక ఖచ్చితమైన ద్రవ్యరాశి ఉన్న, మూడు రకాలూ కలిసిన స్థితి. ఆ స్థితిలో ఎలక్ట్రాన్ పాలు సుమారు 31 శాతం, మిగతాది మ్యువాన్, టావ్. ఇక ఆ 15 కోట్ల కిలోమీటర్లూ ఆ పాళ్లు మారవు, అంతరిక్షంలో ఏ ఆసిలేషనూ జరగదు. మూడో వంతు దగ్గరగా రావడం మూడు రకాలున్నందుకు కాదు, ఆ పాళ్లని నిర్ణయించే మిక్సింగ్ కోణం సుమారు 33, 34 డిగ్రీలు కావడం వల్ల. ఆ కోణం వేరుగా ఉంటే డేవిస్‌కి వేరే లోటు కనిపించేది!

తక్కువ శక్తివి, అంటే ప్రోటాన్-ప్రోటాన్ చర్యలో పుట్టి సూర్యుడి న్యూట్రినోల్లో ఎక్కువ భాగం ఉండేవి, వాటికి ఎలక్ట్రాన్ల గుంపు ప్రభావం అంతగా పట్టదు. అవి మామూలుగానే ఆసిలేట్ అవుతాయి, సుమారు పది కిలోమీటర్లకోసారి, కానీ పుట్టిన చోటే లక్ష కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉండటం వల్ల ఆ ఎత్తుపల్లాలన్నీ చెరిగిపోయి సగటున 55 శాతం ఎలక్ట్రాన్ రకంగా అందుతాయి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద బోరెక్సినో ప్రయోగం 2007 నుంచి ఒక్కో శక్తి ఉన్న న్యూట్రినోలనీ విడివిడిగా కొలిచి, శక్తి పెరిగే కొద్దీ సగం పైనుంచి మూడో వంతుకు ఈ దిగుడు నిజంగానే ఉందని చూపించింది.

మా అమ్మాయి అడిగింది, "సార్, దారిలో ఆసిలేషన్ లేదంటే 2015 నోబెల్ ఆసిలేషన్లకని ఎందుకిచ్చారు?" సార్ ముఖం వెలిగిపోయింది. ఆ బహుమతి ఇద్దరికి, కజిటా గారు సూపర్ కమియోకాండేలో 1998లో చూపించింది వాతావరణంలో పుట్టే న్యూట్రినోలని, అవి నిజంగానే దూరాన్ని బట్టి మారతాయి. మెక్‌డొనాల్డ్ గారి ఎస్ఎన్ఓ చూపించింది రకం మారిందని, రెండింటికీ మూలం ఒకటే, న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉంది, రకాలు కలగలిసి ఉన్నాయి. పైగా జపాన్‌లోనే కామ్‌ల్యాండ్ అనే ప్రయోగం, అణు రియాక్టర్ల నుంచి వచ్చే యాంటీన్యూట్రినోలతో, సూర్యుడి ఊసే లేకుండా, అవే విలువలు రాబట్టింది. "నువ్వడిగింది పెద్ద పెద్దవాళ్లు కూడా వాదించుకున్న ప్రశ్నమ్మా" అన్నారు. ఇంటికొచ్చేదాకా మెట్రోలో దాని గురించే మాట్లాడింది.

ఇక లోపాలు. నాలుగో ఆదివారం పరుగే పరుగు. రాత్రిపూట న్యూట్రినోలు భూమి లోంచి వచ్చేటప్పుడు కొంత తిరిగి ఎలక్ట్రాన్ రకమవుతాయని, అందువల్ల సూపర్ కమియోకాండేలో రాత్రి లెక్క పగటి కంటే సుమారు 3 శాతం ఎక్కువుంటుందని ఒక్క పది నిమిషాల్లో దాటేశారు. ఇంత అందమైన విషయానికి అరగంటైనా ఇవ్వాలి. కోలార్ బంగారు గనుల్లో 1965లోనే మనవాళ్లు, జపాన్, బ్రిటన్ వాళ్లతో కలిసి వాతావరణ న్యూట్రినోలను పట్టిన సంగతి కూడా చివర్లో హడావిడిగా వచ్చింది. పక్క రాష్ట్రంలోనే జరిగింది కాబట్టి దాంతోనే కోర్సు మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం.

అంతకంటే పెద్ద కంప్లైంట్ స్లైడ్ల గురించి. మూడో క్లాస్‌లో సార్ నోటితో చెప్పింది ఒకటి, ఆ తర్వాత కుర్రాళ్లు ప్రొజెక్టర్ మీద వేసిన బొమ్మ ఇంకోటి. సూర్యుడి నుంచి భూమి దాకా గీత పొడుగునా రంగులు మారుతూ ఉన్న బొమ్మ అది, ఎక్కడో నెట్‌లోంచి తెచ్చింది. అంత కష్టపడి చెప్పిన పాఠాన్ని ఆ బొమ్మ ఒక్క నిమిషంలో పాడుచేస్తుంది, ఎందుకంటే ఇంటికెళ్లాక గుర్తుండేది బొమ్మే. బ్రేక్‌లో వాళ్లతో చెప్పాను, మారుస్తామన్నారు. స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, సార్ చెప్పేది మాత్రం హాయైన తెలుగు. చేతిరాతతో ఇచ్చిన తెలుగు నోట్స్ జిరాక్స్ చాలా బాగుంది, కానీ కావాల్సిన మూడో క్లాస్‌కే అందులో రెండు పేజీలున్నాయి.

లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మెట్లు కష్టం. బండి పెట్టుకోవడానికి గల్లీలో చోటు దొరకదు, మెట్రోలోనే రండి. కుర్చీలకి రాసుకునే పలక లేదు కాబట్టి ఒక అట్ట తెచ్చుకోండి. బ్రేక్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వాళ్లే ఇస్తారు.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ స్లైడ్ మార్చి, రాత్రీపగలూ తేడాకి సరిపడా టైమిస్తే ఐదూ ఇచ్చేస్తాను. తర్వాతి బ్యాచ్ సంక్రాంతి సెలవుల తర్వాత అన్నారు, ఫోన్ చేసినప్పుడు నట్ల ప్రయోగం మీ చేత్తో చేయనిస్తారా అని తప్పకుండా అడగండి. మా బ్యాచ్‌లో నలుగురికే ఆ అవకాశం వచ్చింది, అందరికీ రావాలి.